తల్లి పేరు లేని షజరా

ధహ్రాన్,
18 సెప్టెంబరు 1990

అక్కకు సలాం.

నేను, గుల్షన్, పిల్లలు క్షేమం. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు ఉత్తరం విప్పగానే మొదట చివరి వాక్యం చదివి గుండె పట్టుకునే మనిషివి. ఇరాక్ కువైట్‌ను మింగిన మాట నిజమే. మా నెత్తి మీద అమెరికా విమానాలు పొద్దస్తమానం తిరుగుతున్న మాటా నిజమే. ఆఫీసు మాత్రం నడుస్తోంది. నా డ్రాయింగు బల్ల, నా టీ గ్లాసు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అసలు సంగతికి వస్తాను. పోయిన ఏడాది మన షజరా, అదే వంశవృక్షం, గీయడం మొదలుపెట్టానని రాశాను గదా. ఆ పిచ్చి అంటించింది నా పక్క బల్ల ఇంజనీరు బెనెడెట్టో. ఇటలీ వాడు. వాళ్ళ తాత అన్నదమ్ములు కరువు కాలంలో ఓడెక్కి అర్జెంటీనా పోయారట. ఎవరు ఏ రేవులో దిగారో, ఎవరి పిల్లలు ఏమయ్యారో అక్కడి చర్చీలకు ఉత్తరాలు రాసి రాసి కనుక్కుని, దుప్పటంత కాగితం మీద గీశాడు. అది చూసి నాకు రోషం వచ్చింది. వాళ్ళకేనా తాతముత్తాతలు ఉండేది?

ఆ పని మీదే కువైట్‌లో కుట్టుమిషన్ల దుకాణం ఉన్న లాల్ అహ్మద్‌ను పట్టుకున్నాను. మన ముత్తాత హుస్సేన్ సాహెబ్ తమ్ముడు దావూద్ సాహెబ్, ఆయన కొడుకు ఇమాం, ఆయన కొడుకు మస్తాన్, ఆయన కొడుకు ఈ లాల్ అహ్మద్. ఇద్దరం ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. ఒకరి మొహం ఒకరం చూడలేదు.

దాడి జరిగిన కొద్దిరోజులకు అతని కూతురు సురయ్యా మా గుమ్మంలో నిలబడింది. చేతిలో నా చిరునామా ఉన్న కవరు. దుకాణం వదలలేక తండ్రి అక్కడే ఉండిపోయి, పక్కింటి పాకిస్తానీ వాళ్ళ కారులో పిల్లను ఎడారి దాటించాడు. పాస్‌పోర్టు అక్కడ వీసాకు పూచీ ఉన్న కఫీల్ బీరువాలో ఉండిపోయింది. "మా నాయన మిమ్మల్ని నమ్ముకోమన్నాడు చిన్నాయనా" అని ఒక్క మాట అంది, అంతే, మంచినీళ్ళు కూడా తాగకుండా పడి నిద్రపోయింది.

ఇండియా పంపుదామంటే ఈ సౌదీలో ఆడపిల్ల మహ్రమ్ లేకుండా కదలలేదు. తండ్రి, తోడబుట్టినవాడు, భర్త, ఇలాంటి మగవాడు వెంట ఉండాలి. నేను చిన్నాయన వరసే గానీ దూరం, పనికిరాను. అందుకే నీ కొడుకు జబీ గుర్తొచ్చాడు. ఖమీస్ ముషైత్‌లో ఏసీల పని బాగానే ఉంది, పెళ్ళీడు వచ్చింది. వంశం మనదే, పిల్ల బంగారం. సరే అని రాయి అక్కా. మిగతాది నేను చూసుకుంటాను.

నీ తమ్ముడు
ఫక్రుద్దీన్


రాయచోటి,
14 అక్టోబరు 1990

తమ్ముడు ఫక్రూకు అక్క దువా.

నీ టీ గ్లాసు క్షేమమని తెలిసి చాలా సంతోషం. ఇక్కడ నీ మేనకోడలు ఖాలిదా పురిటికి వచ్చింది. మగపిల్లవాడు. రాత్రంతా వాడు ఏడుస్తాడు, పగలంతా అది ఏడుస్తుంది, మధ్యలో మీ బావ రేడియో పెద్దగా పెట్టుకుని యుద్ధం వింటారు. ఇల్లు ఇల్లులా లేదు.

ఆ పిల్ల సంగతి చదివి కళ్ళనీళ్ళు వచ్చాయి. గుల్షన్‌ను దగ్గర పడుకోబెట్టుకోమను. కొత్త చోట ఒంటరిగా పడుకోనివ్వొద్దు.

సంబంధం మాటకు వస్తే, నువ్వు ఇంతమంది మగవాళ్ళను వరసగా నిలబెట్టావు, వాళ్ళలో ఒక్కరికీ పెళ్ళాం ఉన్నట్టు లేదు. ఒకరికి ఒకరు వాళ్ళంతట వాళ్ళే పుట్టుకొచ్చారా? లాల్ అహ్మద్ ఎవరో నాకు తెలియదు. ఆ పిల్ల ఎవరి కడుపున పుట్టింది? తల్లి పేరేమిటి, పుట్టిల్లు ఏది? అది రాయి. మీ బావ మాత్రం "మగోల్ల పేర్లు ఇన్ని రాసినాడు, సాలదా నీకు?" అంటున్నారు. నాకు చాలదు. కొడుకు పెళ్ళి, అడగవలసింది అడుగుతాను.

జబీకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఆ కొండ మీద చలి ఎక్కువట. స్వెట్టరు వేసుకోమని చెప్పు.

మీ అక్క
మేరాజ్


ధహ్రాన్,
22 నవంబరు 1990

అక్కా, సలాం.

నీ ఉత్తరం నెల దాటి చేరింది. చదివి గుల్షన్‌కు కూడా చూపకుండా దాచాను. పిల్ల కంట పడితే ఏమనుకుంటుందో అని.

నువ్వు పైకి తల్లి పేరు అడిగావు గానీ నీ మనసులో ఉన్నది నాకు అర్థమైంది. పరాయివాళ్ళ కారులో, ఎడారిలో, దారి పొడుగునా సైనికులు ఉన్న చోట నుంచి వచ్చిన పిల్ల అని నీ అనుమానం. చెప్పలేక చుట్టూ తిరిగావు. అక్కా, ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఐదు పూటల నమాజు తప్పలేదు. తల్లి పురిట్లోనే పోయిందట. నాయనమ్మ కువైట్ తీసుకుపోయి పెంచింది, ఆమె కూడా పోయింది. తండ్రి బతికున్నాడో లేడో తెలియక తిండి సహించని పిల్లను కూర్చోబెట్టి, చచ్చిపోయిన తల్లి పేరు చెప్పమని ఏడిపించమంటావా? నా వల్ల కాదు.

బెనెడెట్టో కూడా మొన్న నా షజరా చూసి "ఇందులో ఆడవాళ్ళేరి?" అని అడిగాడు. మా దగ్గర ఇంతే అన్నాను. మీరిద్దరూ కూడబలుక్కున్నట్టు అడుగుతున్నారు.

జబీ సెలవు పెట్టి వచ్చాడు. పిల్లను వంటింటి గుమ్మంలో చూశాడు. పోయేటప్పుడు గుల్షన్ దగ్గర నిలబడి "అత్తా, మాయమ్మ ఒప్పుకోకపోతే నేనేం జేసేది?" అన్నాడట. అడగక ముందే వాడికి ఆ దిగులు పట్టుకుందంటే నీకు అర్థం కావాలి.

కువైట్ నుంచి వచ్చినవాళ్ళకు ఇక్కడ ఉండనిచ్చే గడువు జనవరితో అయిపోతుంది. ఆ తర్వాత మగదిక్కు లేనివాళ్ళను శిబిరానికి తరలిస్తారని అందరూ అంటున్నారు. లాల్ అహ్మద్ తన బదులు నన్ను పెద్దగా నిలబడమని పిల్ల చేతికి చీటీ ఇచ్చి పంపాడు. జనవరిలో నిఖా చేస్తాను. నీ మాట కోసం చూస్తాను, నీ అనుమానాల కోసం చూడను.

ఫక్రుద్దీన్


రాయచోటి,
12 డిసెంబరు 1990

ఫక్రూ,

నా మనసులో లేని మాట తెచ్చి నువ్వే పెట్టావు. నేను ఆ పిల్లను ఒక్క మాట అన్నానా? నువ్వు రాసింది చదివి రెండు రోజులు నీళ్ళు కూడా రుచించలేదు. నన్ను ఇంతకాలంగా చూస్తున్నవాడివి, ఇలా అనుకోవడానికి నోరెలా వచ్చింది?

నేనెందుకు అడిగానో విడమరిచి రాస్తున్నాను, చదువు. సంబంధం కలిపేటప్పుడు మగవాళ్ళు వంశం చూసుకుంటారు. ఆడవాళ్ళం పాలు చూసుకుంటాం. ఒక తల్లి రొమ్ము తాగిన పిల్లలు, వేరే కడుపున పుట్టినా అన్నాచెల్లెళ్ళే. వాళ్ళకు నిఖా హరామ్. మన వీధుల్లో బాలింతకు జ్వరం వస్తే పక్కింటామె పిల్లను తీసుకుని పాలిస్తుంది. నేను ఇచ్చాను, నాకు పుట్టిన వాళ్ళకూ ఎవరో ఒకరు ఇచ్చారు. ఇవన్నీ మీ షజరాల్లో ఉండవు, ఆడవాళ్ళకే తెలుసు. అందుకే ఎంత దూరపు సంబంధమైనా తల్లి ఎవరు, ఏ వీధి అని అడిగి తీరతాం.

తల్లి పురిట్లో పోయిందన్నావు. మరి ఆ పిల్ల ఎవరి పాలు తాగి బతికింది? నేను కూడా ఒక తల్లిలేని పిల్లకు పాలిచ్చాను. అలాంటి పిల్లలు ఊరికి ఒకరు ఉంటారులే అని సర్దిచెప్పుకుంటున్నాను గానీ, మనసు నిలవడం లేదు. తల్లి పేరు తెలుసుకునేదాకా నిఖా మాట ఎత్తొద్దు. నీకు దండం పెడతాను.

మేరాజ్


ధహ్రాన్,
2 జనవరి 1991

అక్కా,

నవంబరులో రాసిన దానికి ఇంతవరకు నీ జవాబు లేదు. కోపమో, పోస్టు ఆలస్యమో తెలియదు. కోపమే అయి ఉంటుంది.

ఇక్కడ అందరికీ గ్యాసు మాస్కులు పంచారు. చిన్నవాడు అది తగిలించుకుని అద్దం ముందు ఎగురుతున్నాడు, గుల్షన్ వాడిని చూసి ఏడుస్తోంది. కిటికీ సందులకు టేపు అంటించాం.

బెనెడెట్టో నిన్న వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. పోయే ముందు తన కాగితం చుట్ట విప్పి ఒక మూల చూపించాడు. వాళ్ళ తాతకు ఒక చెల్లెలు ఉండేదట. పెళ్ళి చేసుకుని అన్నలతో పాటే ఓడెక్కింది. ఇంటిపేరు మారింది గదా అని ఎవరూ ఆమెను రాసుకోలేదు. బెనెడెట్టో తమ్ముడు అర్జెంటీనాలో ఉద్యోగానికి పోయి, అక్కడొక పిల్లను ప్రేమించి, లగ్నం దాకా పోయాక తెలిసింది, ఆ పిల్ల ఆమె మనవరాలేనని. వాళ్ళలో అది పనికిరాదో, పాదిరీ అనుమతి కావాలో ఏదో గొడవై, ఆ సంబంధం విరిగిపోయింది. "ఆడవాళ్ళను వదిలేస్తే నీ కాగితం మీద సగం మంది మునిగిపోయినట్టే" అని నా భుజం తట్టి పోయాడు.

ఆ మాటకు మెత్తబడి పిల్లను అడిగాను. ఏడవలేదు, సంతోషంగానే చెప్పింది. ఇదిగో నీ పట్టుదల తీరింది: తల్లి పేరు మెహరున్నిసా. పుట్టిల్లు ఎక్కడో తెలుసా? రాయచోటి! మీ కొత్తపేటే! నీకు తెలిసినవాళ్ళే అయి ఉంటారు. ఇక నీకు అభ్యంతరం ఏముంటుంది? నాకైతే ఎత్తిన బరువు దించినట్టుంది.

నిఖా ఈ నెల 25, శుక్రవారం, జుమా నమాజు అయ్యాక. ఈ ఉత్తరం పీలేరు పోతున్న మనిషి చేతికి ఇస్తున్నాను, త్వరగా అందాలని. కొడుక్కీ కోడలికీ దువా చెయ్యి.

నీ తమ్ముడు
ఫక్రుద్దీన్


రాయచోటి,
13 జనవరి 1991

ఫక్రూ, నిఖా ఆపు.

ఆ పిల్ల నా పాలు తాగింది.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. పాల సంగతి విడమరిచి పోయిన నెల రాసింది నీకు చేరలేదన్నమాట. మెహరున్నిసా మా పక్కింటి పిల్ల. పురిటికి పుట్టింటికి వచ్చింది, కని వారం తిరగకుండా పోయింది. అప్పుడు నా ఒళ్ళో ఖాలిదా నెలల పిల్ల. మెహరున్నిసా తల్లి ఆ పసిగుడ్డును తెచ్చి నా చేతుల్లో పెట్టి, "మేరాజూ, దీన్ని కూడా నీ బిడ్డే అనుకోమ్మా" అంది. ఒక పక్క ఖాలిదా, ఒక పక్క ఆ పిల్ల. మేకపాలు అరిగేదాకా, కూర్చోవడం వచ్చేదాకా నేనే ఇచ్చాను. సురయ్యా అనే పేరు మాకు తెలియదు, మున్నీ అనేవాళ్ళం. తండ్రి అప్పటికి బొంబాయిలో ఉన్నాడు. అతని పేరు మేమెవ్వరం పలికింది లేదు, బొంబాయాయన అనేవాళ్ళం. తర్వాత నాయనమ్మ వచ్చి తీసుకుపోయింది. నేను నెల రోజులు మంచం దిగలేదు. నువ్వు అప్పుడు మద్రాసులో డ్రాయింగు నేర్చుకుంటున్నావు, నీకెవరు చెబుతారు?

జబీ దానికి అన్న, ఫక్రూ. ఖాలిదాకు ఎలాగో దానికీ అలాగే. నిఖా జరిగితే జీవితాంతం పాపం, వాళ్ళకు పుట్టే పిల్లలకూ పాపం. తెలిసిన రోజున వాళ్ళిద్దరూ ఏమైపోతారు?

పరుగున పోయి టెలిగ్రాం ఇచ్చాను. కారణం కూడా రాయించమన్నాడు గుమస్తా. వాడు మీ బావతో రోజూ మసీదు మెట్ల మీద కూర్చునే మనిషి, వెనక ఇంకా నలుగురు మగవాళ్ళు. వాళ్ళ ముందు నా రొమ్ము పాల సంగతి ఎలా చెప్పను? నిఖా జరపవద్దు అని మాత్రం రాయించి వచ్చేశాను. నువ్వు దాన్ని ఎలా అర్థం చేసుకుంటావోనని భయంగా ఉంది. అందుకే ఈ ఉత్తరం మా వీధి డ్రైవరు ఖాదర్ మొహిద్దీన్ చేతికి ఇస్తున్నాను. దమ్మాంలో పనికి తిరిగిపోతున్నాడు, రేపు బొంబాయి బండి ఎక్కుతాడు. అతని తల్లి ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉండేది, అంతా చూసింది. ఆమె కూడా కొడుక్కు చెప్పి పంపుతోంది.

అల్లా ఈ కాగితం సమయానికి చేర్చాలి.

మేరాజ్


ధహ్రాన్,
2 ఫిబ్రవరి 1991

అక్కా,

నిఖా జరగలేదు. ముందు ఇది చదివి కుదుటపడు. తర్వాత మిగతాది.

నీ టెలిగ్రాం అందింది. చూడగానే నా ఒళ్ళు మండిపోయింది. కొత్తపేట వాళ్ళనీ, పేదవాళ్ళనీ ఏదో పాత కక్ష పెట్టుకున్నావనుకున్నాను. మడిచి జేబులో పెట్టుకుని, జబీకి చెప్పకుండా ఏర్పాట్లు చేశాను. అప్పటికే యుద్ధం మొదలైంది. సైరన్ మోగితే మాస్కులు తగిలించుకుని స్నానాల గదిలో దూరుతున్నాం. మా మీదికి వచ్చే స్కడ్ క్షిపణులను ఆకాశంలోనే కొడుతున్నారు, ముక్కలు వీధుల్లో పడుతున్నాయి. అలాంటి రోడ్ల మీద జబీ రెండు రోజులు బస్సులు మారి వచ్చాడు. కొత్త చొక్కా, చేతి గడియారం, ఆ పిల్లకు ఒక శాలువా తెచ్చుకున్నాడు. వారం నుంచి అరబ్బీలో "జౌజతీ", నా భార్య, అనడం నేర్చుకుంటున్నాడట, కాగితాల ఆఫీసులో తడబడకుండా.

శుక్రవారం ఖాజీ వచ్చి కూర్చున్నాడు. సురయ్యా లోపల తయారవుతోంది. తలుపు తట్టారు. ఒళ్ళంతా దుమ్ముతో ఖాదర్ మొహిద్దీన్. విమానం జెద్దా దగ్గరే ఆపేశారట, అక్కడి నుంచి లారీల్లో పడి వచ్చాడు. నీ ఉత్తరం చేతిలో పెట్టాడు. నేను దాన్నీ జేబులో పెట్టబోయాను అక్కా. గుల్షన్ లాక్కుని చదివింది. చదివి, ఆగమని ఖాజీకి చెప్పించింది.

ఖాదర్‌ను ఖాజీ పక్కకు పిలిచి అడిగాడు. "మాయమ్మ కండ్లారా జూసింది. నేనప్పుడు సిన్నోన్ని, నాకూ యాదుంది" అన్నాడు. ఖాజీ పుస్తకం మూసేశాడు. జబీ లేచి బయటి మెట్ల మీద కూర్చున్నాడు. లోపలి నుంచి సురయ్యా ఏడుపు వినిపించింది. పెళ్ళి పోయింది, గడువు వారంలో అయిపోతోంది, పిల్లను ఎవరి వెంట పంపాలి?

అప్పుడు ఖాజీ నా వైపు చూసి మెల్లగా, "రోతా కాయ్‌కూ మియా? దూద్ కా భాయ్ హై తో మహ్రమ్ హై నా" అన్నాడు. ఏడుపెందుకు, పాల అన్న అయితే మహ్రమే గదా అని. నాకు కాసేపు అర్థం కాలేదు. పెళ్ళికి అడ్డుపడిన సంగతే పిల్లను ఇల్లు చేర్చే దారి అయింది. కానీ ఆ దారిన తీసుకుపోవలసినవాడు ఎవరు? వాడే.

పోయి మెట్ల మీద జబీ పక్కన కూర్చున్నాను. ఎలా అడగాలో తెలియలేదు. నేను నోరు తెరవక ముందే, "నేనే తీస్కపోతా మామా. ఇంగెవురున్నారు?" అన్నాడు.

మర్నాడు కోర్టుకు పోయాం. నీ ఉత్తరం అరబ్బీలోకి రాయించి, ఖాదర్ చేత ప్రమాణం చేయించి కాగితం ఇచ్చారు. మన రాయబార కార్యాలయం వాళ్ళు తాత్కాలికంగా పాస్‌పోర్టు ఇచ్చారు. దేశం దాటే ఖురూజ్ ముద్ర వేసే చోట అధికారి తలెత్తి, ఈమె నీకేమవుతుందని జబీని అడిగాడు. వాడి నోరు ఒకసారి తెరుచుకుని మూసుకుంది. తర్వాత "ఉఖ్తీ" అన్నాడు. నా చెల్లెలు అని. అధికారి ముద్ర వేశాడు. సురయ్యా ముసుగులో తల వంచుకుంది.

నిన్న బస్సులో జెద్దా బయలుదేరారు. అక్కడి నుంచి బొంబాయి విమానం. తప్పంతా నాది అక్కా. నువ్వు అడిగిన ఒక్క పేరు మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే ఆ ఇద్దరికీ ఈ బాధ ఉండేది కాదు.

నీ తమ్ముడు
ఫక్రుద్దీన్


రాయచోటి,
2 జూన్ 1991

ఫక్రూకు అక్క దువా.

లాల్ అహ్మద్ ప్రాణాలతో ఉన్నాడని నువ్వు ఫోను చేసి చెప్పించిన రోజు సురయ్యా వీధి వీధంతా చక్కెర పంచింది. అతను దుకాణం సర్దుకుని వచ్చేదాకా ఇక్కడే ఉంటుంది. ఉంటుంది ఏమిటి, ఇది దాని ఇల్లు. వచ్చిన రోజు గుమ్మంలో దాన్ని చూడగానే నా గుండెల్లో పాలు చేపినట్టయింది, ఈ వయసులో. దానికి నేను గుర్తు లేను. అయినా నా మెడ పట్టుకుని వదల్లేదు. ఇప్పుడు ఖాలిదాతో పోట్లాడుతుంది కూడా.

నువ్వు అడిగావు గనుక జబీ సంగతి రాస్తున్నాను. వచ్చిన కొత్తలో వాడు ఇంట్లో నిలిచేవాడు కాదు. పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు, హోటల్లో తిన్నానమ్మా అనేవాడు. నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. నా మీద కోపం ఉంటుందిలే, ఉండనీ అనుకున్నాను. వాడి పెళ్ళి చెడగొట్టింది నా పాలే గదా. ఒకరోజు సురయ్యానే సంగటి, పప్పు పళ్ళెంలో పెట్టుకుని వసారాలోకి పోయి, "అన్నా, తిను. నువ్వు తినకుంటే నేను యాడ తినేది?" అంది. వాడు పళ్ళెం అందుకున్నాడు. తల ఎత్తకుండా తిన్నాడు. నేను తలుపు చాటున నిలబడి చూశాను.

మొన్న సెలవు అయిపోయి ఖమీస్ ముషైత్ పోతున్నాడు. పెట్టె సర్దుతూ, ఇంకెన్నాళ్ళురా, మదనపల్లె సంబంధం ఒకటి ఉంది, ఊ అంటే మాట ఇచ్చేస్తాను అన్నాను. చొక్కాలు మడత పెడుతూనే ఉన్నాడు. వినలేదేమో అనుకుని మళ్ళీ అడిగాను.

"సెల్లెలు ఇంట్లో ఉంటే అన్నకు ముందు జేస్తారా యాడన్నా?" అన్నాడు. "దానికి మంచి పిల్లోన్ని జూడుమా. కర్సంతా నేను పంపిస్తా. అది పోయినాక నా సంగతి."

నేను వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను, ఫక్రూ. వాడికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మీ అక్క
మేరాజ్